స్కార్లాటి సొనాటాల్లో వేలు ఎప్పుడు ఎత్తాలి

పద్దెనిమిదో శతాబ్దపు ఇటలీ స్వరకర్త డొమెనికో స్కార్లాటి కీబోర్డ్ కోసం రాసిన చిన్న రచనలు, అంటే సొనాటాలు, వాటిని పియానో మీద వాయించడమే తప్పనే వాళ్ళు ఉన్నారు. పియానోకు ముందు కాలపు, తీగలను మీటే కీబోర్డ్ వాద్యం హార్ప్సికార్డ్. దాని కోసం పుట్టిన సంగీతం దాని మీదే వినాలని వాళ్ళ పట్టు. ఇంకో వైపు వాళ్ళు, పియానో చేతిలో ఉన్నప్పుడు దాని శక్తులన్నీ వాడుకోవాల్సిందే, స్కార్లాటి ఈ రోజు ఉంటే తనూ అదే చేసేవాడు అంటారు. సికింద్రాబాద్‌లో ఇంటి దగ్గర పిల్లలకూ పెద్దలకూ పియానో నేర్పుతూ, ఈ సొనాటాలతో చాలా ఏళ్ళుగా కాలం గడుపుతున్న నాకు ఈ రెండు మాటలూ సరిపడవు.

ఇవి పియానో మీద హాయిగా బతకగలవని నా గట్టి నమ్మకం. కాకపోతే ఒక షరతు ఉంది. పియానో నేర్చుకునే వాళ్ళ ధ్యాసంతా కీని ఎలా నొక్కాలన్న దాని మీదే ఉంటుంది: ఎంత బలంగా, ఎంత మెత్తగా, చేతి బరువు ఎంత వేయాలి, ఇలా. స్కార్లాటి దగ్గరికి వచ్చేసరికి ఆ ధ్యాసను కీని వదిలే క్షణం మీదికి మళ్ళించాలి. ఏ స్వరం ఎక్కడ ఆగుతుంది, దాని తర్వాత ఎంత ఖాళీ ఉంటుంది, ఏ వేలు ముందు లేస్తుంది, ఏది కాసేపు అక్కడే ఉండిపోతుంది. ఇది కుదిరితే శబ్దం హెచ్చుతగ్గుల గొడవ చాలావరకు తనంతట తనే తీరిపోతుంది. ఇది కుదరకపోతే మిగతావి ఎన్ని చేసినా పైపై అలంకారాలే.

తెలియని వాళ్ళ కోసం కాస్త నేపథ్యం. స్కార్లాటి 1685లో నేపుల్స్‌లో పుట్టాడు. స్వరకర్తలు బాఖ్, హాండెల్ పుట్టిందీ ఆ ఏడాదే. తండ్రి అలెస్సాండ్రో ఆపెరాలు రాయడంలో పెద్ద పేరున్నవాడు. డొమెనికో 1719లో లిస్బన్ వెళ్ళి పోర్చుగల్ రాజు ఐదవ జాన్ కొలువులో చేరాడు, రాజుగారి కూతురు మరియా బార్బరాకు గురువయ్యాడు. 1729లో ఆమెకు స్పెయిన్ యువరాజుతో పెళ్ళయింది. గురువు కూడా ఆమె వెంటే స్పెయిన్ వెళ్ళాడు, ముందు సెవిల్‌కు, తర్వాత మాడ్రిడ్‌కు. 1757లో మాడ్రిడ్‌లోనే చనిపోయాడు. మిగిలిన సొనాటాలు 555. దాదాపు ప్రతి సొనాటా ఒకే భాగం. అందులో రెండు సగాలు, ఒక్కో సగాన్నీ రెండేసి సార్లు వాయించాలి. చాలావాటికి నాలుగైదు నిమిషాలు చాలు. సొనాటా సంఖ్య ముందు కనబడే 'కె' అనే అక్షరం హార్ప్సికార్డ్ విద్వాంసుడు రాల్ఫ్ కర్క్‌పాట్రిక్‌ది. ఆయన 1953లో ఈ సొనాటాలన్నిటికీ వరుస సంఖ్యలు వేశాడు.

స్కార్లాటి స్వహస్తంతో రాసిన సొనాటా రాతప్రతి ఒక్కటైనా మనకు మిగల్లేదు. ఉన్నవి తర్వాత స్పెయిన్ రాణి అయిన మరియా బార్బరా కోసం లేఖకులు ఎత్తి రాసిన సంపుటాలు. అవి పదిహేను, ఇప్పుడు వెనిస్‌లో ఉన్నాయి. అలాంటివే ఇంకో పదిహేను పార్మాలో ఉన్నాయి. ఈ ప్రతుల్లో ఏముందో, ఏం లేదో చూస్తే నా వాదనకు సగం ఆధారం అక్కడే దొరుకుతుంది. ఇక్కడ బిగ్గరగా, ఇక్కడ మెల్లగా అని చెప్పే గుర్తులు దాదాపు లేవు. చేతుల గురించి, వేళ్ళ గురించి మాత్రం అక్కడక్కడా స్పష్టంగా రాసి ఉంది. ఏ స్వరం ఎడమ చెయ్యి, ఏది కుడి చెయ్యి అని అక్షరాలు పెట్టారు. కె. 96లో ఒకే స్వరం గబగబా మోగే చోట వేళ్ళు మారుస్తూ వాయించమని ఉంది. కె. 379లో ఒక పరుగును ఒకే వేలితో లాగమని ఉంది. శబ్దం గురించి మౌనంగా ఉండి, వేలి కదలిక గురించి నోరు విప్పే ప్రతులు ఇవి. వాయించే మనిషి దేని గురించి ఆలోచించాలో ఇంతకంటే సూటిగా ఎవరు చెబుతారు?

ఇక పియానో పక్షం వాళ్ళు తరచూ తెచ్చే సాక్ష్యం ఒకటుంది. మరియా బార్బరా ఇంట్లో పియానోలు ఉండేవి కదా, కాబట్టి స్కార్లాటి పియానో కోసమే రాసి ఉంటాడు అంటారు. పియానోలు ఉన్న మాట నిజమే. ఆమె 1758లో చనిపోయాక వేసిన జాబితాలో పన్నెండు కీబోర్డ్ వాద్యాలు ఉన్నాయి. ఏడు హార్ప్సికార్డులు, ఐదు ఫ్లోరెన్స్‌లో చేసిన పియానోలు. అయితే ఆ ఐదింటిలో రెండింటిని అప్పటికే హార్ప్సికార్డులుగా మార్చేశారు! ఆ ఇంట్లో ఏ వాద్యానికి ఎక్కువ పని పడిందో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క వివరం చాలు.

పైగా అవి ఎలాంటి పియానోలు? ఫ్లోరెన్స్‌లో బార్టొలొమెయో క్రిస్టోఫోరి 1700 ప్రాంతంలో కనిపెట్టిన వాద్యం అది. ఆయన చేసినవాటిలో మూడు ఇప్పటికీ ఉన్నాయి, న్యూయార్క్‌లో ఒకటి, రోమ్‌లో ఒకటి, లైప్జిగ్‌లో ఒకటి. సన్నని తీగలు, తోలు తొడిగిన చిన్న సుత్తులు, చెక్క ఒళ్ళు, నాలుగు అష్టకాలు (ఆక్టేవులు) లేదా అంతకు కాస్త ఎక్కువ. స్కార్లాటి చివరి సొనాటాల్లో చాలావాటికి ఐదు అష్టకాల దాకా కావాలి. అవి ఆ చిన్న పియానోల మీద పట్టవు. ఇప్పటి గ్రాండ్ పియానోలో లోపల పోత ఇనుప చట్రం ఉంటుంది, తీగలన్నీ కలిసి దాన్ని దాదాపు 20 టన్నుల బలంతో లాగుతుంటాయి, సుత్తుల మీద దళసరి ఉన్ని నమ్దా ఉంటుంది. క్రిస్టోఫోరి పియానోకు దీనికి పేరు ఒకటేగానీ గొంతులు వేరు. కాబట్టి చరిత్ర మనకు అనుమతి పత్రం ఇచ్చిందన్న వాదన నిలవదు. పియానో మీద వాయించడం మన ఎంపిక. ఆ బాధ్యత మనమే తీసుకోవాలి.

వాద్యం మారడం వల్ల సంగీతం చెడుతుందని మాత్రం నేను ఒప్పుకోను. మన కళ్ళ ముందే పాలకొల్లు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని వాయించి చూపించారు. జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు కట్టించుకున్నారు, వేలిని తీగ మీద జార్చి గమకాన్ని పలికించారు. ఆ సంగీతానికి ప్రాణం ఎక్కడుందో ముందు కనిపెట్టి, దాన్ని కొత్త వాద్యంలో పలికించే దారి వెతికారు. స్కార్లాటి విషయంలోనూ అడగాల్సిన ప్రశ్న అదే. ఈ సంగీతం ప్రాణం హార్ప్సికార్డ్‌లో ఎక్కడుంది?

దానికి జవాబు చెప్పాలంటే ఆ వాద్యం లోపలికి చూడాలి. హార్ప్సికార్డ్‌లో కీ నొక్కితే అవతల ఒక సన్నని చెక్క పుల్ల పైకి లేస్తుంది. దానికి పక్కగా ఈక కాడతో చేసిన చిన్న మొన ఉంటుంది. ఆ మొన తీగను మీటి పైకి పోతుంది. మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా మోత దాదాపు ఒకేలా ఉంటుంది. వేలు ఎత్తగానే పుల్ల కిందికి జారుతుంది, దానికి అతికించిన బట్ట ముక్క తీగను తాకి మోతను ఆపేస్తుంది. దగ్గర కూర్చుని వింటే ఆ ఆగడంలో 'టిక్' మని చిన్న చప్పుడు కూడా ఉంటుంది. అంటే స్వరం పుట్టడం ఎంత స్పష్టంగా వినబడుతుందో, స్వరం పోవడం కూడా అంత స్పష్టంగా వినబడుతుంది.

శబ్దం పెంచే దారి లేనప్పుడు ఒక స్వరాన్ని ముఖ్యమైనదిగా వినిపించడం ఎలా? హార్ప్సికార్డ్ వాయించేవాళ్ళు దానికి ముందున్న స్వరాన్ని కాస్త తొందరగా వదిలేస్తారు. ఆ చిన్న ఖాళీ తర్వాత వచ్చే స్వరం చెవికి బలంగా తగులుతుంది. లేదా ముఖ్యమైన స్వరాన్ని ఒక్క రవ్వ ఆలస్యంగా వాయిస్తారు. లేదా దాన్ని రాసిన దానికంటే ఎక్కువసేపు పట్టి ఉంచుతారు, తర్వాతి స్వరం కూడా దాని మోతలో కలిసేలా. కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) వస్తే కింది నుంచి పైకి విడదీసి పలికిస్తారు. నెమ్మదిగా విడదీస్తే ఒక రంగు, చటుక్కున విడదీస్తే ఇంకో రంగు. వీటిలో చాలావరకు వేలు ఎత్తే వేళకు సంబంధించినవే.

పియానోలో ఈ విద్య అటకెక్కింది. సుత్తి తీగను కొడుతుంది, కొట్టిన వేగాన్ని బట్టి శబ్దం మారుతుంది, కాబట్టి ప్రాముఖ్యం చూపించడానికి గట్టిగా కొట్టడం అన్నిటికంటే సులువైన దారి. మోతను ఆపే డాంపర్ తీగ మీద మెత్తగా వాలుతుంది, స్వరం ఎక్కడ ఆగిందో చెవి పట్టించుకోదు. దాని మీద, డాంపర్లను పైకెత్తి ఉంచే పెడల్ తొక్కితే ఇక ఆగడమన్న మాటే ఉండదు. తరాల తరబడి పియానో చదువు ఈ సులువు చుట్టూనే పెరిగింది. పందొమ్మిదో శతాబ్దపు షోపాన్‌కూ, బ్రామ్స్‌కూ అది సరిపోతుంది. ఆ అలవాట్లతోనే స్కార్లాటి ముందు కూర్చుంటే అన్ని స్వరాలూ ఒకే పొడవులో వస్తాయి, కొన్ని బిగ్గరగా, కొన్ని మెల్లగా. వినడానికి నున్నగా ఉంటుంది. కానీ అందులో మాట్లాడే మనిషి ఉండడు.

మా విద్యార్థులతో నేను చేయించే పని ఒకటుంది, ఇంట్లో డిజిటల్ పియానో ఉన్న ఎవరైనా చేసి చూడొచ్చు. చాలా మోడళ్ళలో హార్ప్సికార్డ్ స్వరం కోసం ఒక బటన్ ఉంటుంది. ఎక్కువవాటిలో ఆ బటన్ నొక్కాక ఎంత గట్టిగా కొట్టినా శబ్దం పెద్దగా మారదు. బాగా వచ్చిన సొనాటానే దాని మీద వాయించమంటాను. మొదటి రెండు వరుసల్లోనే ముఖం మారిపోతుంది. అప్పటిదాకా ఎంతో భావంతో వాయిస్తున్నాం అనుకున్న చోటు కుట్టు మిషన్ చప్పుడులా వినిపిస్తుంది, ఎందుకంటే ఆ భావమంతా గట్టి మెల్ల తేడాల్లోనే ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టాలి. బటన్ మార్చకుండా, అదే పదబంధాన్ని వేళ్ళు ఎత్తే తీరుతోనే అర్థమయ్యేలా చేయాలి. కామా ఎక్కడ, చుక్క ఎక్కడ, ప్రశ్న ఎక్కడ అన్నది వినబడాలి. అది వినబడ్డాక మళ్ళీ పియానో స్వరానికి వస్తే, శబ్దం ఎక్కడ కాస్త పెంచాలో చెయ్యే చెబుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇందుకు కె. 32 మంచిది. డి మైనర్ శ్రుతిలో చిన్న పాట, ఇరవై నాలుగు బార్లే (తాళపు ఆవర్తాలే). స్వరాలు కష్టం కాదు, అందుకే దాచుకోవడానికి చోటు కూడా లేదు.

ఇక్కడ నాకు బాగా కోపం తెప్పించే అలవాటు గురించి చెప్పాలి. స్కార్లాటి ఒక పదబంధాన్ని వెంటనే మళ్ళీ చెబుతాడు, కొన్నిసార్లు మూడోసారి కూడా చెబుతాడు. అలాంటి చోట దాదాపు ప్రతి టీచరూ మొదటిసారి గట్టిగా, రెండోసారి మెల్లగా అని రాసిపెడతారు. బరోక్ (స్కార్లాటి కాలపు) సంగీతం అంటే ప్రతిధ్వని అనీ, హార్ప్సికార్డ్‌లో రెండు వరుసల కీస్ ఉంటాయి కాబట్టి పైవరుసకు మారి మెల్లగా వాయించేవారనీ కారణం చెబుతారు. ఇటలీలో, స్పెయిన్‌లో చేసిన హార్ప్సికార్డుల్లో ఎక్కువవాటికి ఉన్నది ఒకే వరుస. రెండు వరుసలున్నా, అర నిమిషంలో అన్నిసార్లు పైకీ కిందికీ దూకడం కుదిరే పని కాదు. అంతకంటే ముఖ్యం, పునరుక్తిని మెల్లగా వాయిస్తే దాని పట్టు పోతుంది. స్పెయిన్ దక్షిణాది ఫ్లమెంకో పాటలోనైనా, గిటార్ మీద దరువులోనైనా ఒక ముక్కను మళ్ళీ మళ్ళీ చెప్పడం బిగువు పెంచడానికే. స్కార్లాటి స్పెయిన్‌లో ముప్పై ఏళ్ళకు దగ్గరగా బతికాడు, చుట్టూ అక్కడి జానపద సంగీతం వింటూనే ఉన్నాడు. రెండోసారి చెప్పేటప్పుడు చివరి స్వరాన్ని ఇంకాస్త ముందే వదలండి. మూడోసారి అసలు వదలకుండా తర్వాతి దానిలోకి తీసుకెళ్ళండి. శబ్దం ఒక్క పిసరు మారకపోయినా మూడూ మూడు రకాలుగా వినిపిస్తాయి.

శబ్దాన్ని పెంచే పని రచనలోనే జరిగిపోయి ఉందన్న సంగతి కూడా చాలామంది గమనించరు. ఒక చోట రెండే గొంతులు, అంటే విడివిడిగా సాగే స్వర వరుసలు, నడుస్తుంటాయి. కాసేపటికి ఎడమ చేతిలో అష్టకాలు వస్తాయి, తర్వాత మూడు స్వరాల కార్డ్స్, తర్వాత ఐదారు. హార్ప్సికార్డ్‌లో ఎన్ని తీగలు మీటితే అంత మోత. క్రెషెండో, అంటే శబ్దం క్రమంగా పెరగడం, స్వరాల లెక్కలోనే ఉంది. పియానో మీద ఆ చోట చెయ్యి బరువు కూడా కలిపితే రెండుసార్లు పెంచినట్టు అవుతుంది, గోల అయిపోతుంది.

ఆ మందపాటి కార్డ్స్ గురించే వివరంగా మాట్లాడుకోవాలి. కె. 119, కె. 175 చూడండి. ఎడమ చేతిలో పక్కపక్క కీస్ కలిసి మోగే గుత్తులు వస్తాయి. కార్డ్‌లో ఉండకూడని స్వరాలు మధ్యలో దూరి గీసుకుంటుంటాయి. వీటికి అచ్చకతూర అని పేరు. 1906 నుంచి అలెస్సాండ్రో లాంగో ఈ సొనాటాలను పదకొండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. ఆయన లేకపోతే ఇరవయ్యో శతాబ్దపు పియానిస్టులకు స్కార్లాటి అందేవాడే కాదు, ఆ మేలు మరువలేనిది. అయితే ఆ కటువైన స్వరాలు ఆయనకు పొరపాట్లలా కనబడ్డాయి. చాలాచోట్ల వాటిని తీసేశాడు, మార్చేశాడు. దానికి తోడు గట్టి మెల్ల గుర్తులు, క్రెషెండో గీతలు సొంతంగా చేర్చాడు. ఆ అచ్చు నుంచి ఎత్తి రాసిన ప్రతులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పిల్లలు ఇంటర్నెట్‌లో దించుకుని తెచ్చే కాగితాల్లో అవే ఎక్కువ. కె. 175ను ఆ కోరలు పీకేసిన రూపంలో వాయించడం కంటే వాయించకపోవడం మేలు. కెన్నెత్ గిల్బర్ట్ సిద్ధం చేసిన ప్రతి గానీ, ఎమీలియా ఫాదీని ప్రతి గానీ తెచ్చుకుంటే అక్కడ ఆ స్వరాలు ఉంటాయి, అనవసరమైన గుర్తులు ఉండవు.

మరి ఆ స్వరాలున్న ప్రతి తెచ్చుకుని పియానో మీద వాయిస్తే? హార్ప్సికార్డ్‌లో అవి ఎండు కొమ్మ విరిగినట్టు కరకరమంటాయి, ఎందుకంటే ఆ తీగల మోత సన్నగా, పదునుగా ఉంటుంది. పియానో కింది సగంలో మోత దళసరి. ఆరు స్వరాలు కలిపి కొడితే దబ్బుమని మూట పడ్డట్టు ఉంటుంది. అందుకే చాలామంది పియానిస్టులు ఇక్కడ శబ్దం తగ్గిస్తారు. తగ్గిస్తే కొరుకుడు పోతుంది. ఇక్కడ నాకు దారి చూపినవాడు ఫ్రాంచెస్కో గాస్పరీనీ. కుర్రాడు స్కార్లాటి వెనిస్‌లో ఉన్న రోజుల్లో ఆ ఊళ్ళోనే పనిచేసిన సంగీతకారుడు. ఇలాంటి కటువైన స్వరాన్ని ఆయన చిన్న జంతువు కాటుతో పోల్చాడు, కొరికిన వెంటనే వదిలేస్తుంది, గాయం చేయదు అని. అంటే గుత్తిలో ఉన్న స్వరాలన్నీ ఒకే పొడవు ఉండక్కర్లేదు. అన్నిటినీ కలిపి పూర్తి శక్తితో కొట్టండి, ఆ పరాయి స్వరాలను మాత్రం వెంటనే వదిలేయండి, కార్డ్‌కు చెందిన స్వరాలు నిలబడనివ్వండి. పియానో మీద దీనికి మంచి సాధన కావాలి. ఒకే చేతిలో మూడో వేలు లేవాలి, ఒకటీ ఐదూ (బొటనవేలు, చిటికెన వేలు) అలాగే ఉండాలి. కుదిరిన రోజున పియానో నిజంగా కొరుకుతుంది, ఆ వెంటనే స్వచ్ఛంగా మోగుతుంది. ఇందులో వేలు ఎత్తడం తప్ప ఇంకే విద్యా లేదు.

కె. 141కు వద్దాం. డి మైనర్, ఒకే స్వరం ఆరేసిసార్లు తుపాకి గుళ్ళలా మోగుతుంది, కింద ఎడమ చెయ్యి గిటార్ తీగలను గీకినట్టు కార్డ్స్ వేస్తుంది. పియానిస్టు మార్తా అర్గెరిచ్ దీన్ని కచేరీ చివర కొసరుగా వాయిస్తుంటుంది. ఆ వేగం చూసి పిల్లలందరికీ ఇదే కావాలి. మొదటి రోజు నుంచే స్పీడ్ గురించి టెన్షన్. నిజానికి ఇక్కడ ఇబ్బంది కొట్టడంలో రాదు. అదే కీ మళ్ళీ మోగాలంటే ముందు అది పైకి రావాలి, పైకి రావాలంటే వేలు తప్పుకోవాలి. హార్ప్సికార్డ్‌లో ఈక మొన తీగ కిందికి దిగితే తప్ప రెండోసారి మీటలేదు. గ్రాండ్ పియానోలో 1821లో సెబాస్టియన్ ఎరార్ కనిపెట్టిన ఏర్పాటు వల్ల కీ పూర్తిగా పైకి రాకముందే సుత్తి రెండోసారి కొట్టగలదు. మనలో ఎక్కువమంది ఇళ్ళల్లో ఉండే, తీగలు నిలువుగా ఉండే అప్‌రైట్ పియానోల్లో మామూలుగా ఆ ఏర్పాటు ఉండదు. కీ దాదాపు పూర్తిగా పైకి రావాల్సిందే. అందుకే మూడు, రెండు, ఒకటి అని వేళ్ళు మారుస్తూ, ఒక్కో వేలినీ అరచేతి వైపు లాగేయడం నేర్చుకోవాలి. కె. 96 రాతప్రతిలో వేళ్ళు మార్చమని రాసింది ఊరికే కాదు. అప్‌రైట్ మీద కె. 141 నేర్చుకున్న మనిషికి గ్రాండ్ ఇస్తే రెక్కలొచ్చినట్టు ఉంటుంది. గ్రాండ్ మీదే నేర్చుకున్నవాళ్ళు అప్‌రైట్ ముందు కూర్చుంటే స్వరాలు జారిపోతుంటాయి.

ఇంతవరకు చదివాక, మరి పియానో ఎందుకు, హార్ప్సికార్డే కొనుక్కోవచ్చు కదా అని అడగవచ్చు. మన ఊళ్ళల్లో హార్ప్సికార్డ్ చూడటమే అరుదు, అది ఒక కారణం. కానీ అది మాత్రమే అయితే నేను ఇంత పట్టుగా మాట్లాడేదాన్ని కాదు. పియానో మీదే బాగా వినిపించే సొనాటాలు ఉన్నాయని నా అభిప్రాయం. కె. 87 తీసుకోండి. బి మైనర్‌లో నాలుగు గొంతులు ఒకదానిలోకి ఒకటి అల్లుకుంటూ పోతాయి. హార్ప్సికార్డ్‌లో నాలుగూ ఒకే బలంతో మోగుతాయి, లోపలి గొంతును పట్టుకోవడానికి చెవి కష్టపడాలి. పియానోలో ఆ లోపలి గొంతును ఒక పిసరు ముందుకు తేవచ్చు. అది పైకి తేలి, మళ్ళీ మునిగి, ఇంకో గొంతు చేతికి పాట అందించి పోతుంటే అప్పుడు ఈ రచన ఎంత బాధతో నిండి ఉందో తెలుస్తుంది. ఇక్కడ పియానో శక్తిని వాడటానికి నాకు ఏ సంకోచమూ లేదు. అయితే ఇక్కడ కూడా ముందు వేళ్ళతోనే పట్టి ఉంచాలి. ఏ గొంతుకు ఏ వేలు కాపలానో తేల్చుకోకుండా పెడల్ తొక్కితే నాలుగు గొంతులూ కలిసి ఒక మబ్బు అవుతాయి.

పెడల్ అసలు తొక్కకూడదనే వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. హార్ప్సికార్డ్‌లో పెడల్ లేదు కాబట్టి మనమూ ముట్టుకోకూడదంటారు. హార్ప్సికార్డ్ మోత పొడిగా ఉంటుందన్న భ్రమ నుంచి వచ్చిన నియమం అది. మంచి హార్ప్సికార్డ్ పక్కన నిలబడి వింటే దాని చెక్క పెట్టె అంతా గునగునమంటుంటుంది, కార్డ్స్ వేళ్ళ కింద చాలాసేపు బతికి ఉంటాయి. ఆ గునగున కోసం పియానోలో పెడల్‌ను పావు వంతు, కార్డ్ మోగిన తర్వాత, కాసేపు తాకడంలో తప్పేమీ లేదు. కె. 208 లాంటి నెమ్మది పాటలో అది లేకపోతే కుడి చేతి పాట ఎడారిలో నడిచినట్టు ఉంటుంది. ఎడమ చెయ్యి నడకలా సమంగా సాగుతుంది, దాని పైన కుడి చెయ్యి తాళానికి అటూ ఇటూ ఊగుతూ పాడుతుంది. ఆ ఊగడాన్ని గట్టి మెల్ల తేడాలతో చూపించబోతే సినిమా పాటలా అయిపోతుంది. ఎడమ చెయ్యి కదలకుండా నడవాలి. కుడి చెయ్యి ఆలస్యంగా రావాలి, కొన్నిచోట్ల స్వరాన్ని మధ్యలోనే విడిచి ఊపిరి తీసుకోవాలి.

వినేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే, రెండు వాద్యాల మీదా వినండి. హార్ప్సికార్డ్ మీద స్కాట్ రాస్ 1984, 1985లలో మొత్తం 555 సొనాటాలూ రికార్డ్ చేశాడు. అంత పని చేసి, కొద్ది ఏళ్ళకే, 1989లో పోయాడు. పియర్ హాంతాయ్ ఇంకా ధైర్యంగా, కాలంతో ఆడుకుంటూ వాయిస్తాడు. నాకు ఆయనంటేనే ఎక్కువ ఇష్టం. పియానో వైపు చూస్తే హోరోవిట్జ్ 1986లో మాస్కో కచేరీలో కె. 87, కె. 380, కె. 135 వాయించాడు. ఆ కె. 380 వినండి. దూరం నుంచి ఊరేగింపు వస్తున్నట్టు, కొమ్ము బూరలు, డోళ్ళు దగ్గరవుతున్నట్టు ఉంటుంది. అందరూ అక్కడ ఆయన రంగుల గురించి, శబ్దం తగ్గించి పెంచడం గురించి మాట్లాడతారు. నేను మాత్రం ఆ చిన్న చిన్న స్వరాలను ఎంత పొట్టిగా వదిలేస్తాడో చూడమంటాను. డోలు దెబ్బ డోలులా వినబడటానికి కారణం అదే. మెల్లగా వాయించినంత మాత్రాన దూరం రాదు. మిఖాయిల్ ప్లెట్‌న్యోవ్ తొంభైలలో చేసిన రికార్డులో కొన్నిచోట్ల శబ్దం ఆర్కెస్ట్రా అంత పెరిగిపోతుంది. ఈ వ్యాసంలో నేను వద్దన్నవన్నీ ఆయన చేస్తాడు. అయినా ఆ రికార్డు వినడం నేను మానలేను, ఎందుకంటే ఆ హెచ్చుతగ్గుల కింద ప్రతి స్వరానికీ ఆరంభం, ముగింపు పదునుగా ఉన్నాయి. ఆ పునాది లేకుండా ఆయన పైమెరుగులను అనుకరించేవాళ్ళ వాయింపు మాత్రం నేను భరించలేను.

మిగిలింది పునరావృతాల సంగతి. ఒక్కో సగాన్నీ రెండుసార్లు వాయించాలని రాసి ఉంటే, టైమ్ లేదనో, వినేవాళ్ళకు విసుగనో పియానిస్టులు రెండో సగం పునరావృతాన్ని ఎత్తేస్తుంటారు. పరీక్షల్లో, పోటీల్లో అయితే రెండూ పోతాయి. వాయించాలనే నేనంటాను. ఈ సొనాటాల్లో రెండు సగాలూ ఒకే రకంగా ముగుస్తాయి, మొదటి సగంలో వేరే శ్రుతిలో విన్న మాటలే రెండో సగం చివర సొంత శ్రుతిలో వినిపిస్తాయి. ఇంటికి చేరిన ఆ ఊరట తెలియాలంటే మొదటి సగం చివర చెవిలో బాగా నాటుకోవాలి, అందుకు రెండుసార్లు వినడం అవసరం. రెండోసారి అలంకారాలు చేర్చాలా అంటే, కె. 208 లాంటి నెమ్మదివాటిలో ఒకటి రెండు చోట్ల చేర్చవచ్చు, గబగబా సాగేవాటిలో అక్కర్లేదు. అక్కడ ఇప్పటికే కావలసినన్ని స్వరాలు ఉన్నాయి. వాటిలో మొదటిసారి పట్టి ఉంచిన స్వరాన్ని రెండోసారి ముందే వదలండి, మొదటిసారి వదిలినదాన్ని ఈసారి పట్టి ఉంచండి. కె. 32తో మొదలుపెట్టిన వాళ్ళు కూడా ఇది ఈ రాత్రికే చేసి చూడొచ్చు.